కాలువ గట్టు మీద ఒక రోజు

బీదరులో కాలువ ఉందంటే మా ఊళ్ళోవాళ్ళే నవ్వుతారు. కోట ఉంది, మహమూద్ గవాన్ మదర్సా ఉంది, నానక్ ఝీరా ఉంది, బిద్రీ పని ఉంది. కాలువ ఎక్కడిది? కాలువ గట్టున కొబ్బరి చెట్లు, లాకులు, పడవలు మేము గోదావరి వైపు కథల్లో చదువుకున్నవే గాని కళ్ళతో చూసి పెరిగినవి కావు. అయినా మాకూ రెండు కాలువలున్నాయి. ఒకటి బహమనీల నాటిది, భూమి లోపల పారుతుంది. రెండోది మా కళ్ళ ముందు తవ్వినది, భూమి మీద పారుతుంది. కిందటి ఎళ్ళ అమావాస్య నాడు నలుగురు స్నేహితులం సైకిళ్ళ మీద ఆ రెంటినీ చూసి వచ్చాం. దీన్ని మన పత్రికకు రాయాలని ఎందుకు అనిపించిందో చివరికి చెబుతాను.

మేము నలుగురం అరవై దాటినవాళ్ళం. సారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళు కన్నడంలో లెక్కలు చెప్పి, ఇంటికొచ్చి తెలుగు పద్యాలు చదువుకున్న మనిషి. సావుకారికి గాంధీ గంజ్‌లో పప్పుల దుకాణం. నేను బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాకు కాస్త పైమెట్టు మీద ఆగిపోయినవాణ్ణి. నాలుగోవాడు పటేలు. వాళ్ళ తాత నిజాం కాలంలో పోలీసు పటేలు. ఆ పటేలుగిరీ ఎప్పుడో పోయింది. తర్వాత భూమీ పోయింది. పిలుపు మాత్రం మిగిలింది. మనవాడు బస్టాండు వెనక చిన్న షాపు పెట్టి, కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగు చేసి ముగ్గురు పిల్లలను చదివించాడు.

మా మాటల సంగతి మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ, ఆఫీసులో కన్నడం, గంజ్‌లో సగం మరాఠీ. నాలుగూ ఒక్క వాక్యంలో వచ్చేస్తుంటాయి. పటేలుకు తెలుగు మాట్లాడటం మా అందరికంటే బాగా వచ్చు, అక్షరాలు మాత్రం రావు. చదువంతా కన్నడంలో సాగింది. అందుకని మన పత్రిక వచ్చిన వారం, ఆదివారం పూట సారు వాళ్ళ అరుగు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి వినిపిస్తాడు. పటేలు మోటారు తీగ చుట్టుకుంటూ వింటాడు. నచ్చిన చోట "ఇంకోసారి చదువు" అంటాడు. నచ్చని చోట ఏమీ అనడు.

సావుకారికి షుగరు వచ్చిందని డాక్టరు చెప్పిన నాటి నుంచీ నలుగురం పొద్దున్నే కోట చుట్టూ సైకిళ్ళు తొక్కుతున్నాం. ఒకనాడు సారు, "గానుగెద్దుల లెక్క ఎన్నాళ్ళు తిరుగుతంరా? ఒక్కరోజు నీళ్ళ వెంట పోదాం. నౌబాదు సురంగం చూసి, కారంజా కాలువ పట్టుకుని, డ్యాము దాకా పోయి రావాలె" అన్నాడు. రానూ పోనూ డెబ్బై కిలోమీటర్ల దాకా పడుతుందని లెక్క వేశాడు. ఏ రోజు పోదామంటే, "ఎళ్ళమాస నాడు పోదాం, రోడ్ల మీద లారీలుండవు" అన్నాడు. నేను పటేలు మొహం చూశాను. వాడు కాసేపు ఆగి, "పోదాం పా, ఆ రోజు నాకేం పని" అన్నాడు.

బెంగుళూరులోనో సూరత్‌లోనో ఉన్న పాఠకులకు ఎళ్ళ అమావాస్య గురించి రెండు మాటలు చెప్పాలి. డిసెంబరు, జనవరి నెలల్లో వచ్చే అమావాస్య అది. బీదరు, గుల్బర్గా జిల్లాల్లో రైతులకు ఇంతకంటే పెద్ద పండుగ లేదు. ఆ రోజు ఇంటికి తాళం వేసి, వండినదంతా గంపల్లో పెట్టుకుని అందరూ చేనుకు పోతారు. చేను మధ్య జొన్నచొప్పతో చిన్న గుడిసె కట్టి, అయిదు రాళ్ళకు సున్నం పూసి పాండవులని పెట్టి, పూజ చేసి, పంట మీద మొదటి ముద్దలు చల్లుతారు. భూమి గర్భంతో ఉందని, ఆమెకు చలిమిడి పెట్టినట్టు ఈ తిండి పెడుతున్నామని మా అమ్మ చెప్పేది. తర్వాత అందరూ కూర్చుని తింటారు. చేను లేనివాళ్ళను ఉన్నవాళ్ళు పిలుస్తారు. దారిన పోయేవాణ్ణి కూడా తినకుండా పోనివ్వరు. మధ్యాహ్నానికి బీదరు బజారు నిద్రపోయినట్టుంటుంది.

అలాంటి రోజున ప్రతి ఏడూ పటేలు షాపు తెరిచి కూర్చునేవాడు. ఆ రోజు మోటారు తెచ్చేవాడు ఒక్కడూ ఉండడు. అయినా తెరిచేవాడు. వాళ్ళ చేను కారంజా రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా అత్తగారి ఊరు అదే కాలువ కింద ఉంది. కాలువ రాకముందు వాళ్ళది వానను నమ్ముకున్న ఎనిమిదెకరాల రేగడి. కంది, పెసర, జొన్న తప్ప ఇంకోటి పండేది కాదు. కాలువ వచ్చాక మూడెకరాల్లో చెరకు వేశారు. మట్టి మిద్దె పోయి స్లాబు ఇల్లు వచ్చింది. మా పెద్దమ్మాయి ఇంజనీరింగు ఫీజులో కొంత ఆ చెరకు డబ్బే. ప్రతి ఎళ్ళ అమావాస్యకూ నేను ఆ చేనుకు పోతాను. ముప్పై ఏళ్ళకు పైగా పోతున్నాను. సారును పిలిచాను, సావుకారిని పిలిచాను. పటేలును ఒక్కసారీ పిలవలేదు. పిలిస్తే బాధపడతాడని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమేనా, లేక వాడు వస్తే నేను బాధపడాల్సి వస్తుందనా అని ఎప్పుడూ లోతుగా చూసుకోలేదు.

తెల్లవారుజామున అయిదున్నరకు నౌబాదు దారి పట్టాం. చలి బాగా ఉంది. సారుది, నాది, పటేలుది పాత నల్ల సైకిళ్ళు. సావుకారి మాత్రం మనవడి గేర్ల సైకిలు తెచ్చాడు. దానికి మడ్‌గార్డు లేదు, క్యారియరు లేదు, స్టాండు లేదు. దిగినప్పుడల్లా ఏ చెట్టుకో ఆనించాలి. "ఇంత డబ్బు పెట్టి కొంటే నిలబడటం కూడా రాదేందిరా దీనికి" అని పటేలు దారి పొడుగునా ఏడిపించాడు. మా సామానంతా ఒక సంచీ. గాలి పంపు, సొల్యూషను ట్యూబు, రబ్బరు ముక్కలు, రెండు స్పానర్లు, నాలుగు నీళ్ళ సీసాలు. సావుకారి జేబులో చక్కెర బిళ్ళలు.

నౌబాదు చేరేసరికి తెల్లవారింది. మొదటి కాలువ అక్కడ ఉంది. ఉందంటే కనబడదు. కనబడేది వరసగా అక్కడొకటి అక్కడొకటి ఉన్న బావులు. చిన్నప్పుడు అవి విడివిడి బావులనే అనుకునేవాళ్ళం. పెద్దవాళ్ళు సురంగ బావి అనేవారు గాని ఎందుకంటారో చెప్పలేదు. అది కరేజు. ఇరాను దేశపు పద్ధతి, బహమనీల కాలంలో ఇక్కడికి వచ్చింది. మా బీదరు ఎత్తయిన ఎర్రరాతి పీఠభూమి మీద ఉంది. ఆ రాయి జల్లెడలాంటిది, వాన నీళ్ళు దాంట్లోంచి దిగిపోతాయి. కింద గట్టి నల్లరాయి అడ్డం వచ్చేసరికి అక్కడ ఆగుతాయి. ఆ నీళ్ళు దొరికే చోట ముందు ఒక తల్లి బావి తవ్వుతారు. అక్కడి నుంచి పల్లం వైపు భూమి లోపలే సొరంగం తొలుస్తారు. నడుమ నడుమ మట్టి పైకి తీయడానికి, గాలి ఆడటానికి బావులు దించుతారు. ఆ బావులే మాకు పైన కనబడేవి. నీళ్ళు మోట లేకుండా, మోటారు లేకుండా, తమ బరువుతో తామే నడుచుకుంటూ చివర వెలుగులోకి వస్తాయి. ఎండకు ఆవిరి కావు, దారిలో ఎవరి పొలమూ పోదు.

నౌబాదు సొరంగం దాదాపు రెండు కిలోమీటర్లు ఉంటుందంటారు. బావులు ఇరవైకి పైన లెక్క తేలాయి. పూడిపోయి, చెత్తతో నిండి, జనం మరిచిపోయిన దీన్ని కేరళకు చెందిన భూగోళ శాస్త్ర అధ్యాపకుడు గోవిందన్‌కుట్టి 2010ల మొదట్లో దిగి చూసి, కొలిచి, పటం గీశాడు. తర్వాత కొంత పూడిక తీశారు. మా కాళ్ళ కింద ఉన్నదాన్ని ఎక్కడి నుంచో వచ్చిన మనిషి చూపించాల్సి వచ్చిందని సారుకు ఇప్పటికీ చిన్నతనంగానే ఉంటుంది.

ఒక బావి మీద వంగి చూశాం. చల్లటి గాలి మొహానికి కొట్టింది. పటేలు ఒక చిన్న రాయి వేశాడు. కాసేపటికి కింద నీటి చప్పుడు వినిపించింది. వాడు తలెత్తి, "వీళ్ళకు మోటారు మెకానిక్కు అక్కర్లేకపాయె" అన్నాడు. అందరం నవ్వాం.

నౌబాదు దాటాక పడమటి దారి పట్టాం. సారు చెప్పినట్టే రోడ్డు ఖాళీగా ఉంది. ఎదురుగాలి మాత్రం ఉంది. నడివయసులో సైకిలు తొక్కేటప్పుడు గాలి ఎటు వీస్తున్నదో తెలియదు. అరవై దాటాక మోకాళ్ళు చెబుతాయి. కంది చేలు కోతకు వచ్చి ఎర్రబారి ఉన్నాయి. జొన్న నడుము ఎత్తు ఎదిగింది. శనగ చేలల్లో మంచు ఇంకా ఆరలేదు. అప్పుడప్పుడు ఎడ్లబండ్లు, ఎక్కువగా ట్రాక్టర్లు, వాటి నిండా పిల్లలు, గంపలు, కొత్త చీరలు. ప్రతి బండి మీంచీ ఎవరో ఒకరు, "మా చేనుకు రండి" అని కన్నడంలో కేక వేసేవారు. సావుకారి చేతులెత్తి దండం పెడుతూ పోయేవాడు. పటేలు తలవంచుకుని తొక్కుతున్నాడు.

ఒక పల్లె దగ్గర రోడ్డు వదిలి కాలువ గట్టు ఎక్కాం. అప్పటికి తొమ్మిదయింది. గట్టు మీద మొరం దారి. సైకిలుకు కాలువ గట్టు లాంటి దారి ఇంకోటి లేదని ఆ రోజు తెలిసింది. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. సారు దిగి చేత్తో వాలు చూపించి పాఠం చెప్పాడు. "రోడ్డుకు తొందర. గుట్ట అడ్డమొస్తే ఎక్కి దిగుతది. కాలువకు ఆ వీలు లేదు. నీళ్ళు జానెడు కూడా పైకెక్కవు. అందుకని గుట్టను చుట్టుకుని, ఒకే ఎత్తు మీద వంకర్లు తిరుగుతూ, ప్రతి మైలుకూ కొంచెం కొంచెం దిగుతూ పోవాలె. వాలు ఎక్కువైతే గట్టు కోసుకుపోతది, తక్కువైతే పూడిక పడుతది." మేము డ్యాము వైపు, అంటే నీళ్ళకు ఎదురుగా పోతున్నాం. ఎక్కుతున్నామన్న మాట కాళ్ళకు తెలియనే లేదు.

కాలువలో నీళ్ళు మోకాలి లోతున పారుతున్నాయి. కొన్నిచోట్ల సిమెంటు పలకలు లేచిపోయి, పగుళ్ళలో తుంగ మొలిచింది. తూముల దగ్గర పిల్ల కాలువలు విడిపోయి చేలల్లోకి పోతున్నాయి. గట్టుకు ఒక పక్క చెరకు, పచ్చగా, మనిషిని మింగేసే ఎత్తు. రెండో పక్క, గట్టుకు పైన ఉన్న చేలకు కాలువ నీళ్ళు ఎక్కవు. అక్కడ అదే పాత కంది, అదే పాత జొన్న. ఒక గట్టు, రెండు బతుకులు. నడుమ ఎనిమిదడుగుల దారి, దాని మీద మా నాలుగు సైకిళ్ళు.

ఈ నీళ్ళు ఎక్కడివో కూడా చెప్పుకోవాలి. కారంజా ఏరు పుట్టేది కోహీరు దగ్గర, ఇప్పటి తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాలో. అక్కడి నుంచి మా బీదరు జిల్లాకు వస్తుంది. ఇక్కడ డ్యాము కట్టారు. కాలువలకు, మా ఊరి నల్లాలకు పోగా మిగిలింది మంజీరలో కలుస్తుంది. మంజీర మహారాష్ట్రలో పుట్టి, మమ్మల్ని దాటుకుని మళ్ళీ తెలుగు నేల మీదికి పోయి, సింగూరులో ఆగి, 1931లో పూర్తయిన నిజాంసాగరులో ఆగి, చివరికి గోదావరిని చేరుతుంది. 1956లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు మా బీదరు జిల్లా నుంచి జహీరాబాదు, నారాయణఖేడు అటు పోయాయి, మేము ఇటు ఉండిపోయాం. పటేలు మేనత్త ఇల్లు అటు, వీళ్ళ చేను ఇటు. ఏరు మాత్రం అడగకుండా వస్తుంది, అడగకుండా పోతుంది.

పదకొండింటికి సావుకారి సైకిలుకు పంచరు పడింది. కాలువ గట్టంతా సర్కారు తుమ్మ. దాని ముల్లు సన్నటి టైరును సూదిలా దూరింది. గేర్ల సైకిలు చక్రం విప్పడం మాకెవరికీ తెలియదు. పటేలు కింద కూర్చుని, రెండు నిమిషాలు చూసి, విప్పేశాడు. ట్యూబును కాలువ నీళ్ళలో ముంచి, బుడగలు వచ్చే చోటు పట్టి, రాయి మీద గీకి, అతుకు వేశాడు. చేతులు కడుక్కోవడానికి కాలువలోకి వంగి, అలాగే కొంతసేపు చేతులు నీళ్ళలో ఉంచాడు. "సల్లగున్నయి" అన్నాడు. అంతే అన్నాడు.

అక్కడి నుంచి మా అత్తగారి చేను కిలోమీటరు లేదు.

చెప్పకుండా దాటిపోదామనే అనుకున్నాను. పొద్దున బయల్దేరేటప్పుడే మా ఆవిడ, "నలుగురూ చేనుకు రండి, నేను ముందే పోయి ఉంటాను" అంది. "చూద్దాం" అన్నాను. ఇప్పుడు గట్టు మీది నుంచి చెరకు అవతల జొన్నచొప్ప గుడిసె కనబడుతోంది. మా బావమరిది కొడుకు మమ్మల్ని చూసి తువ్వాలు ఊపుతూ పరుగెత్తుకొస్తున్నాడు. సారు, సావుకారి నా వైపు చూశారు. నేను పెడలు మీద కాలు పెట్టి నిలబడ్డాను. పటేలే సైకిలు దిగి, "ఏందిరా నిలబడ్డవ్? మీ అత్తగారి చేను గాదా? ఆకలైతుంది, నడువ్" అన్నాడు. అది ఎవరి చేనో వాడికి తెలుసు. ముప్పై ఏళ్ళుగా తెలుసు.

మా అత్తగారికి ఎనభై అయిదు దాటాయి. చూపు సరిగా ఆనదు. గుడిసె నీడలో కూర్చుని ఉంది. నలుగురం దండం పెట్టాం. ఒక్కొక్కరినీ ఎవరని అడిగింది. పటేలు తండ్రి పేరు చెప్పాడు. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెయ్యి చాచి వాడి చెయ్యి పట్టుకుంది.

"మీ నాయన మాకు విత్తనం కందులిచ్చినోడు బిడ్డా. కరువు సాలుల. మీ చేను నాకెరుకే. వాగు ఒడ్డున మర్రిచెట్టు ఉండె."

"అవునమ్మా" అన్నాడు పటేలు.

"మీ చేను మునిగితేనే మా చేనుకు నీళ్ళొచ్చినయి. ఇన్నేండ్ల సంది ఎళ్ళమాస జేస్తున్నం, నిన్ను ఎవరన్నా పిలిచిన్రా?"

పటేలు ఏమీ అనలేదు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను చెరకు వైపు చూశాను.

"కూసో బిడ్డా. ముందు నువ్వు తినాలె" అని ఆమె తన చేత్తోనే విస్తట్లో వడ్డించింది. సజ్జ రొట్టె, భజ్జీ, పుంటికూర, పల్లీల పోళీ, ముంతలో అంబలి. భజ్జీ అంటే మిరపకాయ బజ్జీ అనుకోకండి. కొత్త కంది గింజ, పచ్చి శనగలు, అనుములు, చేతికి దొరికిన కూరలూ ఆకులూ అన్నీ శనగపిండిలో కలిపి చిక్కగా ఉడికించేది. ఆ ఒక్క రోజుకే దానికి ఆ రుచి. పటేలు తలవంచుకుని తిన్నాడు. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. తిని లేస్తూ, "అమ్మా, కొంచెం కట్టియ్యి" అన్నాడు. మా మరదలు రెండు రొట్టెలూ కొంత భజ్జీ మోదుగాకుల్లో చుట్టి ఇచ్చింది. ఇంటికి తీసుకుపోవడానికేమో అనుకున్నాం.

అక్కడి నుంచి డ్యాముకు గంటన్నర పట్టింది. ఎవరం ఎక్కువ మాట్లాడలేదు. సావుకారి సైకిలు గేరు మార్చినప్పుడల్లా చేసే టిక్కు టిక్కు తప్ప చప్పుడు లేదు. నేను వెనకగా తొక్కుతున్నాను. ముందు పోతున్న పటేలు వీపు చూస్తూ, బ్యాంకులో ఎంతమందికి ఎన్ని కాగితాలు నింపి ఇచ్చానో గుర్తు చేసుకున్నాను. "ఈ ఏడు మా చేనుకు రా" అన్న నాలుగు మాటల కాగితం ఒక్కటి నింపలేకపోయాను. ఎనభై అయిదేళ్ళ మనిషి, కళ్ళు కనబడని మనిషి, మొదటిసారి చూసిన అయిదు నిమిషాల్లో అనేసింది.

డ్యాము గట్టు దగ్గరికి వచ్చేసరికి ఎండ వాలింది. నీళ్ళు చూపు ఆనినంత మేర ఉన్నాయి. దూరాన కొంగలు, ఒకటి రెండు చేపల పుట్టీలు. 1980ల చివర ఈ నీళ్ళు నిలిచాయి. మునిగిన పల్లెల వాళ్ళు చాలినంత పరిహారం కోసం ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు, ధర్నాలు చేశారు. అదంతా పేపర్లలో చదివినవాళ్ళమే. నీళ్ళు నిలిచాక పటేలు ఇటు రావడం ఇదే మొదలు. మాకు ఆ సంగతి తెలియదు. వాడే చెప్పాడు.

"వేసవిల నీళ్ళు తగ్గితే మర్రి మోడు కనబడతదని మా నాయన వచ్చి చూసి పోయేటోడు. నన్ను రమ్మనేటోడు. నేను రాలే."

ఎటు వైపు అని సారు అడిగాడు. వాడు చాలాసేపు అటూ ఇటూ చూశాడు. ఎదురుగా ఒక గుట్ట, దాని పక్కన ఇంకో చిన్న గుట్ట. ఆ రెంటికీ మధ్య గీత గీసినట్టు చేత్తో చూపి, "ఆడ. కొంచెం ఇవతలికి" అన్నాడు. మాకు నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు.

పటేలు చెప్పులు విడిచి నీళ్ళ అంచుకు దిగాడు. మోదుగాకుల మూట విప్పాడు. రొట్టె తుంచి, భజ్జీ అద్ది, ఒక్కొక్క ముద్దా నీళ్ళలోకి విసిరాడు. చేనులో చల్లినట్టే, ఎడమకూ కుడికీ తిరిగి చల్లాడు. చేనులో చల్లేటప్పుడు మా వైపు ఒక కేక వేస్తారు. వాడు వేయలేదు. చిన్న చేపలు వచ్చి ముద్దల చుట్టూ చేరాయి. చివరి ముద్ద వాడు తిన్నాడు. ఆకులు మడిచి జేబులో పెట్టుకుని పైకి వచ్చి, "పొద్దు పోతుంది, ఇంక పోదాం" అన్నాడు.

తిరుగు దారిలో గాలి వెనక నుంచి తోసింది. చీకటి పడ్డాక పల్లెల దగ్గర చేల నుంచి తిరిగొస్తున్న బండ్లు, నిద్రపోతున్న పిల్లలు. సారు సైకిలు డైనమో బల్బు ఒక్కటే మా అందరికీ వెలుగు. ఎనిమిదిన్నరకు నౌబాదు చేరాం. సావుకారి చక్కెర బిళ్ళలు అయిపోయాయి. బస్టాండు దగ్గర చాయ్ తాగి విడిపోయేటప్పుడు నేను పటేలుతో ఏదో చెప్పాలనుకున్నాను. నోట్లోంచి, "రేపు పొద్దున కోటకు వస్తవా?" అని వచ్చింది. "మోకాళ్ళు చూసి చెప్తా" అన్నాడు.

ఇంటికొచ్చి నల్లా తిప్పి కాళ్ళు కడుక్కున్నాను. మా ఊరి నల్లాలో వచ్చేదీ కారంజా నీళ్ళే. ఇన్నేళ్ళుగా తాగుతున్నాను, స్నానం చేస్తున్నాను. ఆ రాత్రి ఆ నీళ్ళు కాళ్ళ మీద పడుతుంటే మర్రిచెట్టు గుర్తుకొచ్చింది. నేను చూడని మర్రిచెట్టు.

నౌబాదు సొరంగం తవ్వినవాళ్ళు ఎవరి చేనూ ముంచకుండా నీళ్ళు తెచ్చారు. నిజమే. కాని దాంతో వేలాది ఎకరాలు తడవవు, ఇంత పెద్ద ఊరి దాహం తీరదు. డ్యాము వద్దని నేను అనలేను. అంటే మా అమ్మాయి చదువు, మా అత్తగారి ఇల్లు నన్ను వెక్కిరిస్తాయి. మునిగినవాళ్ళ పరిహారం సంగతి కోర్టులు చూస్తాయి. కాని నీళ్ళు అందినవాళ్ళం మునిగినవాళ్ళను పండుగకు పిలవడానికి ఏ కోర్టూ అక్కర్లేదు. అది నేను చేయలేదు.

ఇది మన పత్రికకు ఎందుకు రాశానో చెబుతానన్నాను. ఈ సంచిక వచ్చిన ఆదివారం సారు వాళ్ళ అరుగు మీద కూర్చుని దీన్ని చదువుతాడు. పటేలు తీగ చుట్టుకుంటూ వింటాడు. నేను ఆ పూట పక్కనే ఉంటానో, ఏదో పని చెప్పి తప్పించుకుంటానో నాకే తెలియదు. అందుకని ఇక్కడే రాస్తున్నాను. పటేలూ, వచ్చే ఎళ్ళమాసకు మా అత్తగారు నిన్ను అడుగుతున్నది. నేనూ అడుగుతున్నాను. ముందు చేనుకు పోదాం, తర్వాత గట్టు పట్టుకుని డ్యాముకు పోదాం. సైకిళ్ళ మీదే.

సారూ, ఈ చివరి నాలుగు మాటలు వాడు అడగకపోయినా ఇంకోసారి చదువు.